"నిన్న రాలేదేటి?" అని మిమ్మల్ని అడిగేదెవరు?

నాగావళి_గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
సోమవారం, రాత్రి 10:50

ఇది ఫిర్యాదో ప్రశ్నో నాకే సరిగ్గా తెలీదు. రాసేస్తాను, ఏదనుకుంటారో మీ ఇష్టం.

నాకు 41. సాఫ్ట్‌వేర్ టెస్టింగు. 2020లో లాక్‌డౌన్‌కి హైదరాబాదులో సామాను సర్దేసి శ్రీకాకుళం వచ్చాను, మళ్ళీ వెళ్ళలేదు. ఇంటినుంచే పని. జీతం వేళకి పడుతుంది. మేడ మీద గది, కిటికీ తీస్తే నాగావళి ఇసుక. చుట్టాలందరూ అదృష్టజాతకుడంటారు.

మొన్న వాయుగుండానికి మా వీధిలో చెట్టు కూలి కేబులు తెగిపోయింది. మూడు రోజులు నెట్టు లేదు, కరెంటు లేదు, ఫోను కూడా ఆగిపోయింది. చార్జింగు చచ్చిపోయే ముందు మేనేజరుకి ఒక మెసేజీ పెట్టాను. అది వెళ్ళనేలేదని తరవాత చూశాను. నాలుగో రోజు భయపడుతూ లాగిన్ అయితే నూట నలభై మెయిళ్ళున్నాయి. వాటిలో "ఎక్కడున్నావయ్యా" అన్నది ఒక్కటి లేదు. టైమ్‌షీటు నింపలేదని యంత్రం పంపే రిమైండరు మాత్రం మూడుసార్లు వచ్చింది.

అవే మూడు రోజులు మా అమ్మ జ్వరంతో పడుకుంది. ఆవిడకి 69. రోజూ పొద్దున్నే కోవెలకి వెళ్ళి నలుగురు ఆడవాళ్ళతో కూచుని దండలు కడుతుంది. జీతం లేదు. శుక్రవారం పులిహోర పొట్లం. రెండోరోజు తొమ్మిదిన్నరకి గేటు దగ్గర కేక వినబడింది, "ఏటమ్మా, నిన్న రాలేదేటి?" అని. దిగి చూస్తే వీధంతా నీళ్ళు. చీరలు ఎగదోపుకుని ముగ్గురు నిలబడ్డారు. ఒకావిడ చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె, చోడి (రాగి) అంబలి.

నాది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. అమ్మది ఆరేళ్ళ దండలు.

అప్పట్నుంచీ అదే ఆలోచన. పనిలో సంతోషం సంతోషం అని వింటుంటాం కదా, అది పని గొప్పదవటం వల్ల వస్తుందా, మనం రాకపోతే తెలుసుకునే మనిషి ఉండటం వల్ల వస్తుందా? మీ పనిలో మిమ్మల్ని అలా అడిగేవాళ్ళున్నారా?

---

లెక్కల_మనిషి
సోమవారం, రాత్రి 11:20

అన్నయ్యా, కంపెనీ జీతం ఇస్తుంది, చుట్టరికం ఇవ్వదు. ఆఫర్ లెటర్‌లో ఎక్కడా రాయలేదు కూడా. సాయంత్రం లాప్‌టాప్ మూసి ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచి ఒక టీ తాగండి, వారం తిరక్కుండా టీ కొట్టువాడే అడుగుతాడు నిన్న రాలేదేమని. ఎనిమిది రూపాయలకి దొరికేదాన్ని కంపెనీలో ఎందుకు వెతుకుతారు?

వెటకారం కాదండీ. నేను బ్యాంకులో ఉన్నాను, పన్నెండేళ్ళుగా నా పద్ధతి ఇదే.

---

ఏకుల_బుట్ట
మంగళవారం, ఉదయం 7:05

మాది పొందూరు. మా అమ్మ నూలు వడుకుతుంది, పెళ్ళైనప్పట్నుంచీ.

బయటివాళ్ళు మా ఊరి ఖద్దరు అనగానే గాంధీగారితో మొదలుపెడతారు. నాకు గుర్తొచ్చేది చప్పుడు. గింజ తీయకముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎండబెట్టిన ఎముక అది, సన్నటి పళ్ళుంటాయి. దాన్ని పత్తి మీద లాగుతుంటే ఎండుటాకుల మీద బల్లి నడిచినట్టుంటుంది. నేను ఆ చప్పుడులోనే నిద్రలేచేదాన్ని. తరవాత పలక మీద ఇనప కడ్డీతో గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకోవడం. వడకడం వీటన్నిటి తరవాతే. వంద నంబరు నూలు అంటే ఊపిరి గట్టిగా వదిలితే తెగుతుందేమో అనిపిస్తుంది.

అరుగు మీద ఐదారుగురు కూచుంటారు. చరఖా తిరుగుతూనే ఉంటుంది, కబుర్లు నడుస్తూనే ఉంటాయి. ఒకావిడ రాకపోతే ఆవిడ చోటు అలాగే వదిలేసి కూచుంటారు, జరగరు. ఇది మాత్రం మీరన్నట్టే ఉంటుంది.

కానీ ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినదాన్నవుతాను. నేను డిగ్రీ చదివింది ఆ నూలు డబ్బులతో కాదు, నాన్న విశాఖలో లారీ ఎక్కబట్టి. రోజంతా వడికితే వచ్చేది ఉపాధి హామీ కూలి పక్కన పెట్టి చూసుకోలేం. ఇంటర్ అయ్యాక నాకూ నేర్పమని అడిగితే అమ్మ చరఖా ఆపకుండానే "నీకెందుకే" అంది. అంతే. ఆ మాటలో నాకు తృప్తి వినబడలేదు.

---

జీడిపిక్క
మంగళవారం, ఉదయం 8:40

మా అమ్మ పలాసలో జీడి పొట్టు తీసే పనికి వెళ్తుంది. అంతకుముందు పిక్కలు కొట్టేది, జీడి నూనె తగిలి వేళ్ళు నల్లగా పొక్కిపోతే మానేసింది. పొట్టు తీసేచోట గుండు విరగకూడదు, విరిగితే బద్ద, బద్ద విరిగితే ముక్క, ధర పడిపోతూ ఉంటుంది. కబుర్లాడితే చెయ్యి జారుతుందని మాట్లాడొద్దన్నారట ఒకసారి. సరే అని మాటలు ఆపి పాట ఎత్తుకున్నారట అందరూ.

ఆవిడకి పని ఇష్టమో కాదో తెలీదు. సెలవిస్తే మాత్రం ఇంట్లో ఉండలేదు.

---

గోగునార
మంగళవారం, మధ్యాహ్నం 2:15

విజయనగరం జిల్లా. జూటుమిల్లులో 27 ఏళ్ళు చేశాను, స్పిన్నింగు. మొదటి నాలుగేళ్ళూ బదిలీ కార్మికుణ్ణి. అంటే తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడాలి, ఎవడైనా పర్మినెంటువాడు రాకపోతే ఆ రోజు మనకి పని. బాబూ, మీరు "నిన్న రాలేదేటి" అని అడిగేవాడి కోసం చూస్తున్నారు. నేను నాలుగేళ్ళు ఎవడో ఒకడు రాకుండా ఉంటే బావుణ్ణని దండం పెట్టుకున్నవాణ్ణి. నా కంచంలో అన్నం ఇంకొకడి జ్వరం.

అయినా చెప్తాను. సైరను కూస్తే ఊరు లేచేది. రెండో సైరనుకి పిల్లలు బడికి. మిల్లుకి సంబంధం లేనివాళ్ళు కూడా దానితోనే పొయ్యి వెలిగించేవారు. లోపల దుమ్ము, నార నూగు ముక్కులోకి, చెవుల్లోకి. మా లైనులో పదకొండుమందిమి. ఎవడి మిషను ఎప్పుడు మొరాయిస్తుందో, ఎవడి పెళ్ళానికి నొప్పులెప్పుడో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్న గేటుకి నోటీసు అంటించారు. లాకౌటు. నెలో రెణ్ణెల్లో అన్నారు. మొదటి వారం పండగలా ఉంది, నిద్రపోయాం. మూడో నెలకి నేను గడ్డం గీసుకోవడం మానేశాను. టీ కొట్టు దగ్గర అదే బల్ల, అవే మొహాలు, మాటల్లేవు. మిల్లులో మిషన్ల చప్పుడుకి ఒకడి మాట ఇంకొకడికి వినబడేది కాదు, అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. చప్పుడు ఆగిపోయాక ఏం మాట్లాడాలో తెలీలేదు.

డబ్బు సంగతి ఎలాగోలా అయింది, కొడుకులు అందుకొచ్చారు. ఇప్పటికీ నాలుగున్నరకి మెలకువ వస్తుంది.

---

పాత_పుస్తకం
మంగళవారం, సాయంత్రం 6:30

గోగునారగారూ, మీరు రాసింది చదివి లేచి అల్మరా వెతికాను.

ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మారియంటాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929-30లో మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు, కుర్రవాళ్ళే, మరికొందరిని కలుపుకుని ఆ ఊరివాళ్ళు ఎలా బతుకుతున్నారో చూసి 1933లో రాశారు. వాళ్ళు చూసిన పద్ధతి నాకు నచ్చింది. ఊరికే ప్రశ్నలడగలేదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలో నడిచేవాళ్ళు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో లెక్కపెట్టారు. మగవాళ్ళు నెమ్మదిగా నడిచారు, మాటిమాటికీ ఆగారు. పొద్దుటినుంచి ఏం చేశావని అడిగితే చెప్పలేకపోయారు. కార్మికుల లైబ్రరీ ఉండేది. ఖాళీ ఎక్కువైంది కదా, పుస్తకాలు ఎక్కువ చదవాలి. కానీ తీసుకెళ్ళే పుస్తకాలు తగ్గిపోయాయి.

మీ గడ్డం గీసుకోకపోవడం ఆ పుస్తకంలో రాయదగ్గ సంగతి.

(నేను రిటైరైన మాస్టార్ని. అడక్కపోయినా పాఠం చెప్పే జబ్బుంది, మన్నించాలి.)

---

లెక్కల_మనిషి
మంగళవారం, సాయంత్రం 7:10

మాస్టారూ, ఇది నా మాటకే బలం. మిల్లునే ఊరు చేసుకుంటే మిల్లుతోపాటు ఊరూ మూతపడింది. రెండూ వేరువేరుగా ఉంచుకోవాలి.

---

పాత_పుస్తకం
మంగళవారం, రాత్రి 8:00

వేరుగా ఉంచుకున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు నాయనా. కాళీపట్నం రామారావుగారు విశాఖలో లెక్కల మాస్టారు. రిటైరయ్యారు. పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అప్పటికాయనకి 72 ఏళ్ళు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. ఆ వయసులో మనవాళ్ళు మోకాళ్ళ నొప్పులకి ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటారు. 2021 జూన్‌లో పోయారు. పాత పత్రికల కోసం జనం ఇప్పటికీ అక్కడికి వస్తున్నారు.

అయితే నువ్వు చెప్పినంత తేలిగ్గా టీ కొట్టు దగ్గర దొరికేది కాదది. ఆయనకి ముందు కథ మీద పిచ్చి ఉంది. మనుషులు తరవాత చేరారు.

---

ఆటో_గజ్జి
మంగళవారం, రాత్రి 9:45

నమస్కారం బావూ. నాది ఆందాలవలస. ఆటో తోల్తాను. నాను సెప్తంటే మా గుంటడు టైపు సేత్తన్నాడు, తప్పులుంటే ఆడివి.

మాది తప్పెటగుళ్ళ దండు. మా తాత, మా అయ్య, ఇప్పుడు నాను. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఆడతాం. పదారుమందిమి. పండగలకి పిలుత్తారు, ఇచ్చింది పంచుకుంటే నా వాటా డీజిలుకి సాలదు. మా ఆడది ఎప్పుడూ తిడతాది.

ఆకర్న గోపురం కడతాం. ఒకడి బుజం మీద ఒకడు ఎక్కి. అడుగున నిలబడీవోడు నాను. నా మీద ఇద్దరు, ఆళ్ళ మీద ఇంకోడు. మీదోడి గజ్జెలు నా సెవికాడ గుచ్చుకుంతాయి. సూసీవోళ్ళు పైనున్నోడికి సప్పట్లు కొడతారు, ఫోటో ఆడికే తీత్తారు. నా మొకం ఒక్క ఫోటోలోనూ నేదు. కానీ నాను రాపోతే గోపురం నేదు కదేటి.

నాలుగేళ్ళ కిందట ఓపాలి నాను ఎల్లనేదు. సంటోడికి జొరం, ఫోను సేసి సెప్పడం మర్సిపోనాను. రాత్రి పదింటికి పదేనుమందీ గజ్జెలు ఇప్పకుండానే మా ఇంటికొచ్చీసినారు. వీదంతా గల్లుగల్లుమని. మా ఆడది తలుపు తీసి ఏదో కొట్లాటనుకుని కర్ర తీసింది.

గట్టుబావూ, ఆదివారం పొద్దున్న ఆరింటికి స్కూలు గ్రౌండులో నేర్సుకుంతాం. మీరొచ్చీండి.

---

నాగావళి_గట్టు
మంగళవారం, రాత్రి 10:20

అన్నా, ఆ పదిహేనుమంది గజ్జెల చప్పుడు నాకిక్కడికి వినబడింది. నాకు ఆట రాదు, నడుంనొప్పి ఉంది. వచ్చి ఏం చేస్తాను?

---

ఆటో_గజ్జి
మంగళవారం, రాత్రి 10:31

మజ్జిగ కేను మోద్దురు గానీ రండి.

---

తండేలు_కొడుకు
బుధవారం, ఉదయం 6:50

రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ బాగా రాస్తున్నారు, నాకు మాత్రం కొంచెం మండుతోంది.

మాది సముద్రం ఒడ్డు. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, అయినా మా ఊళ్ళలో మగవాళ్ళు చేపలు పట్టడానికి గుజరాత్ వెరావల్ పోతారు. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలంలోనే. మా నాన్న అక్కడ బోటుకి తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద. బోటు మీద ఎనిమిదిమంది. సముద్రంలో ఇరవై రోజులు, ఒడ్డున రెండు రోజులు. 2018 నవంబరులో మనవాళ్ళ బోట్లు హద్దు దాటాయని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు, గుర్తుందా? 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. అందులో మా నాన్న లేడు. మా పక్కింటాయన ఉన్నాడు. ఆ పద్నాలుగు నెలలూ పక్కింట్లో వంట వాసన వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాన్నకి పనంటే ప్రాణం. నీటి రంగు చూసి చేప చెప్తాడు. బోటు మీద అందరూ ఆయన మాటే వింటారు. ఆయనకి అడిగేవాళ్ళున్నారు, కావలసినవాళ్ళున్నారు, అన్నీ ఉన్నాయి, రెండువేల కిలోమీటర్ల దూరంలో. ఇంట్లో మేం ఆయన్ని అడగడం మానేశాం. కావాలని కాదు, అలవాటు తప్పింది. వచ్చిన రోజు కొత్త చుట్టంలా మంచం అంచున కూచుంటాడు. గ్లాసులెక్కడుంటాయో తెలీక నన్నడుగుతాడు.

పని, తోడు, ఇల్లు, మూడూ ఒకేచోట ఉండాలని కోరుకోవడం కూడా కొందరికే కుదురుతుంది. అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

---

నిర్వాహకులు
బుధవారం, ఉదయం 9:00

మన తీరంలో బోట్లు ఆగే జెట్టీ ఎవరు కట్టలేదు, ఎవరి హయాంలో ఆగింది అంటూ వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

---

వంటింటి_కిటికీ
బుధవారం, మధ్యాహ్నం 3:10

పనయ్యింది, కూచున్నాను. విజయనగరం, మూడు లాంతర్లకి దగ్గర్లో మా ఇల్లు.

మాస్టారూ, ఆ ఆస్ట్రియా ఊళ్ళో మగవాళ్ళు నెమ్మదిగా నడిచారన్నారు. ఆడవాళ్ళ సంగతి చెప్పలేదేం? నేను మా అబ్బాయిచేత వెతికించి చదివించుకున్నాను. ఆడవాళ్ళు గబగబా నడిచారట, ఎక్కువ ఆగలేదట. మిల్లు మూతపడితే వంట మూతపడదుగా.

గట్టుగారూ, నన్ను రోజుకి నలభైసార్లు అడుగుతారు. టవలెక్కడ, చార్జరెక్కడ, పెరుగు తోడెట్టావా. నేను రెండ్రోజులు పుట్టింటికి వెళ్తే ఆరు ఫోన్లు. ఆరూ గ్యాస్ బండ గురించే. నేను లేనని తెలియడం, టిఫిను లేదని తెలియడం ఒకటి కాదు. మీ అమ్మగారి కోసం అంబలి పట్టుకుని నీళ్ళలో నడిచి వచ్చినావిడకి దండ ఆగిపోయిందన్న బాధ లేదు. అక్కడుంది తేడా అంతా. ఆటో తమ్ముడి ఇంటికి ఆ పదిహేనుమందీ గోపురం కోసం వచ్చారా, తమ్ముడి కోసం వచ్చారా అన్నది కూడా నాకు అనుమానమే. తమ్ముడే చెప్పాలి.

నా సంగతి. పెళ్ళికి ముందు వీణ నేర్చుకున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసింది, పనసకర్ర, నాన్న అప్పు చేసి కొన్నాడు. ఇరవై రెండేళ్ళు అటక మీదే. మన సంగీత కళాశాల ఉంది చూడండి, 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైంది, దాని ముందునుంచి కూరగాయల సంచీతో ఎన్ని వందలసార్లు వెళ్ళానో. లోపల్నుంచి స్వరాలు వినబడితే నడక నెమ్మదించేది (ఆ ఆస్ట్రియా మగవాళ్ళలాగే). పోయిన మాఘమాసంలో వీణ కిందకి దింపించాను. మెట్ల కింద మేళం మైనం ఊడింది, తీగలు తుప్పు. బాగు చేయించి, పక్క వీధిలో ఒకావిడ పదేళ్ళ పిల్లలకి చెప్తుంటే వెళ్ళి ఆ పిల్లల పక్కన కూచున్నాను. వేలు బొబ్బలెక్కింది. మా వాళ్ళకి నవ్వులాట. గురువారం వెళ్ళకపోతే ఒక చిన్నపిల్ల "ఆంటీ, మొన్న రాలేదేం, మీ వంతు గమకం నాచేత వాయించారు" అని దెబ్బలాడింది. దానికి నా దగ్గర టిఫిను అక్కర్లేదు.

చివరికి ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీరు మూడు రోజులు లేకపోతే ఎవరూ అడగలేదన్నారు. మీ టీములో ఎవరైనా మూడు రోజులు కనబడకపోతే ఈ పంతొమ్మిదేళ్ళలో మీరెప్పుడైనా అడిగారా?

---

ఆటో_గజ్జి
బుధవారం, రాత్రి 8:15

కిటికీ అప్పా, గోపురం కోసమే వచ్చినారు. తిట్టడానికొచ్చినారు. సంటోడ్ని సూసినాక ఇద్దరు ఉండిపోనారు, తెల్లారగట్ల నా ఆటోలోనే ఆస్పత్రికి తీసుకెల్లినారు. రెండూ ఉన్నాయేమో మరి.

---

ఉద్దానం_గాలి
గురువారం, రాత్రి 1:40

రాత్రి డ్యూటీ. మొత్తం చదివాను.

నేను డయాలసిస్ విభాగంలో నర్సుని. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపునుంచి జనం వస్తూనే ఉంటారు. ఒకొక్కరికి వారానికి రెండుసార్లు, కొందరికి మూడు. పడుకోబెడితే నాలుగు గంటలు. ఏళ్ళ తరబడి అదే రోజు, అదే మంచం, పక్క మంచం మీద అదే మనిషి. వాళ్ళు చుట్టాలైపోతారు. ఒకరి మనవరాలి పెళ్ళికి ఇంకొకరు చదివింపులు రాయిస్తారు.

ఒక పెద్దాయన ఉండేవాడు, కొబ్బరి రైతు. 2018లో తిత్లీ తుపానుకి తోట సగం పడిపోయింది, మళ్ళీ వేశాడు. ఆయనకి కొబ్బరినీళ్ళు తాగకూడదు, పొటాషియం ఎక్కువ. జీవితమంతా ఆ చెట్ల కింద గడిపినవాడు. వచ్చినప్పుడల్లా మాకు నాలుగు బొండాలు పట్టుకొచ్చేవాడు. మేం కొట్టుకుని తాగుతుంటే చూసేవాడు. "తియ్యగున్నాదా?" అని అడిగేవాడు. ఏ చెట్టుదో చెప్పేవాడు. మొదట్లో నాకు ఆ నీళ్ళు గొంతు దిగేవి కావు. తాగకపోతే ఆయన మొహం చిన్నబోయేది. తాగడం నేర్చుకున్నాను.

మీరందరూ అడుగుతున్న మాట మాకు ఉద్యోగంలో భాగం. ఎవరైనా వాళ్ళ రోజుకి రాకపోతే ఫోను చెయ్యాలి. "నిన్న రాలేదేటి" అని. ఆయనకి చేసిన రోజు కొడుకు ఎత్తాడు. అతను ఏమీ అనకముందే తెలిసిపోయింది.

జీతం బాగోదు, కాంట్రాక్టు. మా ఆయన విశాఖ ప్రైవేటుకి వెళ్ళిపొమ్మంటాడు. ఎందుకు వెళ్ళలేదో సరిగ్గా చెప్పలేను. సేవ అంటే నాకు చిరాకు, ఆ మాటతో జీతం ఎగ్గొడతారు. ఈ మంగళవారం ఆ కొడుకు వచ్చి బల్ల మీద నాలుగు బొండాలు పెట్టి వెళ్ళాడు.

---

లెక్కల_మనిషి
గురువారం, ఉదయం 7:30

దీని తరవాత నేను ఏం రాసినా బాగోదు. అక్కా, నమస్తే.

---

ఏకుల_బుట్ట
గురువారం, ఉదయం 10:00

సేవ అన్న మాటతో జీతం ఎగ్గొడతారు అన్నదాన్ని నేను అద్దం కట్టించుకుంటాను. మా దగ్గర ఆ మాట "వారసత్వం".

---

నాగావళి_గట్టు
శనివారం, రాత్రి 11:40

కిటికీ అక్కా, మూడు రోజులు జవాబు రాయలేదు. కారణం ఉంది.

మీ ప్రశ్న చదివాక పాత చాట్లు తిరగేశాను. మా టీములో ఒక కుర్రాడున్నాడు, మూడేళ్ళుగా నాతో చేస్తున్నాడు, కోయంబత్తూరు. జూలైలో తొమ్మిది రోజులు అతని నుంచి ఒక్క మెసేజీ లేదు. ఆ తొమ్మిది రోజుల్లో నేను అతనికి పెట్టినవి మూడు. మూడూ ఏ పని ఎక్కడిదాకా వచ్చిందనే. మూడోదాని చివర ప్రశ్నార్థకాలు రెండు పెట్టాను. పదో రోజు అతను "సారీ, పూర్తి చేశాను" అన్నాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

నిన్న ఫోన్ చేశాను. పని లేకుండా ఫోన్ చేస్తే కంగారుపడ్డాడు, ఏదైనా తప్పు జరిగిందా అని. జూలైలో ఎక్కడికి వెళ్ళావని అడగడానికి నాకు పావుగంట పట్టింది. వాళ్ళ నాన్నకి గుండె ఆపరేషన్. ఆస్పత్రి వరండాలో కూచుని నా రెండు ప్రశ్నార్థకాలు చదివాడట. ఆ మాట అతను అనలేదు, వరండా వరకే చెప్పాడు. మిగతాది నేను కలుపుకున్నాను.

ఇంకో సంగతి చెప్పి నవ్వాడు. నా నెట్ పోయిన మూడు రోజులూ నా పేరు పక్కన పచ్చచుక్క లేదని అతను చూశాడట. అడుగుదామనుకుని, పెద్దవాడు ఏమనుకుంటాడో అని ఊరుకున్నాడట.

---

గోగునార
ఆదివారం, ఉదయం 4:45

చదివాను బాబూ. నాలుగున్నరకి మెలకువ వచ్చింది కదా. మీరు ఇవాళ ఆ గ్రౌండుకి వెళ్ళండి.

---

నాగావళి_గట్టు
మూడు వారాల తరవాత, ఆదివారం, ఉదయం 10:15

చాలామంది వ్యక్తిగతంగా అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగం మానలేదు. జీవితం మారిపోలేదు. మజ్జిగ కేను మోస్తున్నాను. ఇరవై లీటర్లది, నడుంనొప్పి ఎక్కువైంది. మొదటివారం ఎవరూ నన్ను పట్టించుకోలేదు, ఎవరికి ఎన్ని గ్లాసులో తెలీక మధ్యలోనే అయిపోతే ఇద్దరు తిట్టారు. రెండోవారం గజ్జెల తాళ్ళు తెగుతుంటే కొత్త నవారు కొనితెచ్చి కుట్టాను, అది అమ్మ నేర్పింది. ఒక ముసలాయన, దండులో అందరికన్నా పెద్ద, నా కుట్టు చూసి విప్పేసి మళ్ళీ కుట్టుకున్నాడు.

కోయంబత్తూరు కుర్రాడికి ఆ గోపురం వీడియో పంపాను. అడుగున నిలబడ్డాయన మొహం కనబడేలా తీశాను, వంగి. దండులో ఎవరూ ఇంతవరకూ అలా తీయలేదట. ఆటో అన్న దాన్ని వాళ్ళావిడకి చూపిస్తే "మీకు అంత బరువా" అందట.

---

ఆటో_గజ్జి
అదే రోజు, ఉదయం 11:05

బావూ, వచ్చే వారం మజ్జిగలో ఉప్పు తగ్గించండి. అల్లం కూడా ఎయ్యమంటన్నారు.